"మా కాయ పోయిందా?" అంటే బాట్‌కి ఎట్టా అర్థం కావాలి?

బ్రాడీపేట_కుర్రోడు (గుంటూరు)

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి, డౌట్లు చివర్లో ఉన్నాయి.

మా బాబాయ్‌కి గుంటూరు మిర్చి యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్టు ఉంది. సంక్రాంతి దాటిన కాడ్నించి యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చేదాకా ఆయన ఫోన్ మోగతానే ఉంటది, ఒక చెవికి ఒకటి, ఇంకో చెవికి ఇంకోటి, గుమస్తా చేతిలో మూడోది. అడిగేవి చూస్తే అన్నీ అవే నాలుగైదు ప్రశ్నలు. తేజ రకం మిర్చి ఎంత పడింది, మా లాటు (సరుకు) కాటా అయిందా, డబ్బులెప్పుడు. "నువ్వు కంప్యూటర్ చదివావు గదరా, దీనికేదన్నా చెయ్యగూడదా" అన్నాడు. సరేనని వాట్సాప్‌లో మెసేజ్‌లకి దానంతటదే జవాబిచ్చే బాట్ ఒకటి చేశా.

మొదటి వెర్షన్ మెనూ. "స్వాగతం. దయచేసి మీ ఎంపికను నమోదు చేయండి. 1. నేటి ధరలు 2. విక్రయ స్థితి 3. చెల్లింపు వివరాలు 4. ప్రతినిధితో సంభాషించండి". ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి మార్చా, నాకైతే బానే అనిపించింది. రెండు వారాల్లో నంబర్ నొక్కినోళ్ళని వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. మిగతావాళ్ళంతా మెనూ కిందనే వాయిస్ నోటు పెట్టారు. ఒకాయనైతే మెనూకి రిప్లై కొట్టి మరీ "ఎవరయ్యా నువ్వు, గుమస్తా లేడా ఈయాల" అని అడిగాడు.

ఇట్టా కాదని రెండో వెర్షన్‌లో మెనూ తీసేసి, వాయిస్‌ని టెక్స్ట్ చేయించి, దాన్ని ఏఐ మోడల్‌కి ఇచ్చి జవాబు చెప్పించా. ఇప్పుడు జరుగుతున్నవి వినండి.

ఒక రైతు "మా కాయ పోయిందా?" అన్నాడు. మా గుంటూరోళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తన్నా, కాయ అంటే మిరపకాయ, పోయిందా అంటే అమ్ముడుపోయిందా అని. బాట్ ఏమందో తెలుసా, "మీ కాయ పోగొట్టుకున్నందుకు చింతిస్తున్నాము. దయచేసి చివరిసారిగా ఎక్కడ చూశారో తెలియజేయండి". ఆయన మా బాబాయ్‌కి ఫోన్ చేసి "సరుకు పోయిందంటన్నారేంది, యార్డులో దొంగలు పడ్డారా" అని గోల.

ఇంకొకాయన "పట్టీ ఎప్పుడిస్తారు" అంటే "మేము వెండి పట్టీలు విక్రయించము" అంది. అమ్మకం అయ్యాక లెక్క రాసిచ్చే పట్టీ గురించయ్యా ఆయన అడిగేది.

ఈ రెండూ నవ్వుకోటానికి పనికొస్తయ్. మూడోదే నాకు నిద్ర లేకుండా చేసింది. "వంద తక్కువ పద్నాలుగుకి అడుగుతున్నారంట, ఇచ్చెయ్యమంటారా?" అని ఒక పెద్దాయన వాయిస్ నోటు. అంటే క్వింటా 13,900. మన బాట్ దాన్ని వంద కంటే తక్కువ రేటు, పద్నాలుగు టిక్కీలు (బస్తాలు) అని రాసుకుంది. పంపేలోపు గుమస్తా చూశాడు గాబట్టి సరిపోయింది.

నా డౌట్లు ఏంటంటే, మళ్ళీ మెనూకే పోవాలా లేకపోతే మాట్లాడిందే అర్థం చేసుకునేట్టు నేర్పాలా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసే పిల్లకాయలతో ఏం చెయ్యాలి, అసలు బాట్ ఏ తెలుగు మాట్లాడాలి. యార్డు తెలిసినోళ్ళు, సాఫ్ట్‌వేర్ తెలిసినోళ్ళు ఎవరైనా సరే చెప్పండి.

---

ఆటోనగర్_ఆడియో (విజయవాడ)

బ్రో నేను చేసేది ఫోన్ బాట్ల పనే, కాబట్టి వాయిస్ వరకు చెప్తా.

ముందు ఒక సంగతి. మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకళ్ళు ఆపిన దగ్గర్నుంచి ఇంకొకళ్ళు మొదలెట్టేదాకా ఉండే గ్యాప్ ఎంతో కొలిచారు, 2009లో పది భాషల మీద చేసిన స్టడీ ఉంది, సగటున 200 మిల్లీసెకన్ల చుట్టుపక్కల వచ్చింది. తెలుగు ఆ పదిలో లేదు. గ్యాప్ అంత తక్కువంటే, అవతలివాడు ఇంకా మాట్లాడుతుండగానే వీడు ఎప్పుడు ఆపుతాడో మన బుర్ర ముందే కనిపెట్టేస్తుంది. మిషన్‌కి ఆ తెలివి లేదు, సైలెన్స్ ఇంతసేపు ఉంది కాబట్టి అయిపోయిందనుకుంటుంది. అక్కడే మన కొంప మునుగుద్ది, ఎందుకంటే తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, వద్దు అనే మాట కూడా చివర్లోనే వస్తుంది.

మా మావయ్యది కంకిపాడు, ఒకసారి ఆయన చేత టెస్ట్ చేయించా. "ఆ రేటుకైతే..." అని ఆగాడు. ఆగి తుండుతో మొహం తుడుచుకున్నాడు. బాట్ "సరేనండి, అమ్మకం ఖాయం చేస్తున్నాం" అంది. అప్పుడు ఆయన "...వద్దులే" అన్నాడు. మొత్తం టేబుల్ అంతా ఒకటే నవ్వు, నాకు తప్ప.

అందుకే నీ కేసులో లైవ్ ఫోన్ కాల్ జోలికి వెళ్ళమాక. వాట్సాప్‌లో 2013 నుంచి వాయిస్ నోట్ ఉంది, దాని డిజైన్ చూడు, బటన్ మీద వేలు పెట్టి మాట్లాడతాడు, అయిపోయాక తీస్తాడు. వేలు తియ్యటమే ఫుల్‌స్టాప్. ఎంతసేపు ఆగినా, దగ్గినా, పక్కనోడిని తిట్టినా, మాట ఎక్కడ అయిపోయిందో చెప్పేది మనిషే. మన రైతులు టైపింగ్ రాక వాయిస్ పెడుతున్నారనుకుంటారు అందరూ, నాకు మాత్రం వాళ్ళు కరెక్ట్‌గానే ఎంచుకున్నారనిపిస్తుంది.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని 2010లో మొదలైంది, అడవి ఊళ్ళవాళ్ళు ఫోన్ చేసి గోండీ భాషలో తమ సమస్య రికార్డు చేస్తే మిగతావాళ్ళు ఫోన్‌లోనే వినొచ్చు. రాయటం చదవటంతో పనే లేదు. గుజరాత్‌లో రైతుల కోసం అవాజ్ ఒటలో అని అట్లాంటిదే ఇంకోటి చేశారు. స్మార్ట్‌ఫోన్ లేని రోజుల్లో మామూలు ఫోన్ మీద నడిచినయ్ అవి.

ఇంకొకటి. "అమ్మండి", "అమ్మకండి". మధ్యలో ఒక్క క తేడా. మిర్చి యార్డులో తుమ్ము లేని వాయిస్ నోట్ ఒక్కటన్నా ఉంటుందా? ఆ తుమ్ములో ఆ క పోతే ఎవరు బాధ్యులు? మోడల్ ఎంత మంచిదైనా డబ్బు సంగతి వచ్చినప్పుడు విన్నది మళ్ళీ తిరిగి చెప్పించు. మాటని టెక్స్ట్ చేసే మోడల్స్ కావాలంటే ఐఐటీ మద్రాస్ ఏఐఫోర్‌భారత్ వాళ్ళవి ఓపెన్‌గా దొరుకుతాయి, 2022లో వచ్చిన కేంద్ర ప్రభుత్వం భాషల ప్రాజెక్టు భాషిణి కూడా చూడు. ఏది వాడినా మీ యార్డు మాటలు నువ్వే నేర్పుకోవాలి.

నంబర్లకైతే ఏఐ వద్దు, చేత్తో రూల్స్ రాసెయ్. పదమూడున్నర, పదమూడుంపావు, వంద తక్కువ పద్నాలుగు, యాభై తక్కువ పన్నెండు. అన్నీ కలిపి ఒక ఇరవై రకాలు ఉంటాయేమో, ఒక సాయంత్రం పని.

---

పునుగుల_బండి (విజయవాడ)

"చివరిసారిగా ఎక్కడ చూశారో తెలియజేయండి" 😂😂 ఆఫీసులో గట్టిగా నవ్వేశా, మేనేజర్ చూస్తన్నాడు. థ్రెడ్ ఫాలో అవుతన్నా.

---

సత్యనారాయణపురం_పంతులమ్మ (విజయవాడ)

నాయనా, నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సాఫ్ట్‌వేర్ నాకు తెలియదు కానీ నీ మూడో ప్రశ్నకి నా దగ్గర సమాధానం ఉంది.

"దయచేసి మీ ఎంపికను నమోదు చేయండి" అని రాశావు. నీ జన్మలో ఎప్పుడైనా ఎవరితోనైనా ఈ మాట అన్నావా? ఇంగ్లీషులో ప్లీజ్ పెట్టకపోతే గదిమినట్టు ఉంటుంది, అందుకని వాళ్ళు పెట్టుకుంటారు. మనకి మర్యాద క్రియ చివర ఉంటుంది. "చెప్పండి" అన్నావంటే అందులో ప్లీజ్ వచ్చేసింది, మళ్ళీ ముందు దయచేసి తగిలించటం అంటే చొక్కా మీద ఇంకో చొక్కా తొడగటం. అసలు మన ఇళ్ళల్లో ఆ మాట ఎప్పుడు వినపడుతుంది? "దయచెయ్యండి" అంటే పెద్దమనిషిని లోపలికి రమ్మనటం, లేదా ఒళ్ళు మండినప్పుడు బయటికి పొమ్మనటం! మీ రైతు రెండోదే అనుకుని ఉంటాడు.

గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది దేనికి? జనం మాట్లాడే భాషకి, పుస్తకాల భాషకి మధ్య గోడ ఉండకూడదని. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 అని ప్రతి ఏడూ దండలు వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం, ఇంటికొచ్చి ఫోన్ తీస్తే "మీ అభ్యర్థన స్వీకరించబడినది" అని ఉంటుంది. గ్రాంథికం పోయింది నాయనా, దాని కుర్చీలో అనువాదం కూర్చుంది. గ్రాంథికానికన్నా ఒక వ్యాకరణం, ఒక అందం ఉండేవి. ఈ "బడినది"కి ఏముంది?

ఇంకో చిన్న మాట, నువ్వు గమనించావో లేదో. నీ బాట్ ప్రతిచోటా "మేము" అంటోంది. ఇంగ్లీషులో అన్నిటికీ "వి" (we) ఒక్కటే. మనకి మేము వేరు, మనం వేరు. మేము అంటే నువ్వు అవతలివాడివి అని. మీ బాబాయ్‌ని పక్కన నిలబడి విను, రైతుతో "మన కాయ" అంటాడా "మీ కాయ" అంటాడా? నేను పందెం కాస్తాను, "మన కాయకి ఈ పూట మంచి రేటొచ్చింది" అనే అంటాడు. ఆ ఒక్క మాటలో వ్యాపారమంతా ఉంది. మీ బాట్ దాన్ని తీసి పారేసింది.

అలాగని బాట్ చేత బాబాయ్, పెద్దయ్యా, అన్నా అని వరసలు పెట్టి పిలిపించకు. వరస కలపటం మనుషుల పని, మిషన్ పిలిస్తే వెటకారంలా ఉంటుంది. అండి చాలు.

---

గవర్నర్‌పేట_పాతకోడు (విజయవాడ)

మేడం గారు చెప్పింది బావుంది. నేను ఒకప్పుడు ఇక్కడే డీటీపీ చేసినవాణ్ణి, అను ఫాంట్లలో పుస్తకాలకి పుస్తకాలు కొట్టాం, ఆ ఫైలు ఇప్పుడు తెరిచి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అక్కడ ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనపడే ఇంగ్లీషు అక్షరాలు. కనపడితే చాలు అనుకున్నాం అప్పట్లో. తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకొచ్చి 20 ఏళ్ళయింది. నా అభిప్రాయం కొంచెం తేడాగా ఉంటుంది.

మాట్లాడుకోటానికి తయారుచేసిన ప్రతి మిషనూ ఎవరో ఒకళ్ళ భాష కొలతలు తీసుకుని కుట్టిన చొక్కానే. ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు ఎక్కడ్నుంచి వచ్చాయి? 1985లో జర్మనీలో హిల్లెబ్రాండ్ అనే ఇంజినీర్ టైప్‌రైటర్ దగ్గర కూర్చుని తోచిన వాక్యాలు కొడుతూ లెక్కపెట్టాడు, దాదాపు అన్నీ 160 లోపు వచ్చాయి, పోస్టుకార్డుల మీద రాతా అంతే ఉంది, సరిపోతుందన్నాడు. వాళ్ళకి సరిపోయింది. అదే మెసేజ్ తెలుగులో కొడితే 70కే అయిపోద్ది, ఆ 70లో కూడా గుణింతం ఒకటి, వత్తు ఒకటి, పొల్లు ఒకటి విడివిడిగా లెక్క. "స్త్రీ" మనకి ఒక అక్షరం, మిషన్‌కి ఆరు. మన పిల్లలు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టటం ఫ్యాషన్‌తో మొదలవ్వలేదండి, ఫోన్లో తెలుగు సరిగ్గా రాకపోవటం, వచ్చినా మెసేజ్‌కి డబల్ డబ్బులు పడటం, వీటితో మొదలైంది. అలవాటు అలా ఉండిపోయింది.

ఇప్పటికీ అంతే. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో "తెలుగు" అనే మాట 18 బైట్లు, అదే ఇంగ్లీషు అక్షరాల్లో 6. 2018 ఫిబ్రవరి గుర్తుందా, ఒక్క "జ్ఞా" మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్‌లు టపటపా కూలిపోయాయి, యాపిల్ వాళ్ళు అర్జెంటుగా ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చారు. జ్ఞానం తట్టుకోలేకపోయింది అని మా ఆఫీసులో జోకు. 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల పైచిలుకు మంది మాతృభాష అని రాయించుకున్న భాషండి ఇది, మారుమూలదేం కాదు.

బ్రాడీపేట తమ్ముడూ, ఇంగ్లీషు అక్షరాల తెలుగు విషయానికొస్తే, స్పెల్లింగ్ పట్టుకుని వేలాడకు. ద, డ రెండిటికీ ఒకటే అక్షరం కొడతారు. కాబట్టి "మందు", "మండు" ఒకేలా ఉంటాయి. మిర్చి రైతు దగ్గర రెండూ వస్తాయి, చేలో కొట్టేది మందు, కళ్ళల్లో పడితే మండు. పక్క మాటల్ని చూసి తేల్చుకోవాల్సిందే, పక్క మాట లేకపోతే అడగాల్సిందే.

ఇక అసలు పాయింట్. భాష చుట్టూ సాఫ్ట్‌వేర్ కట్టటం అనేది 1980ల్లోనే ఒకసారి చేశారు. విన్‌గ్రాడ్, ఫ్లోరెస్ అని ఇద్దరు, కోఆర్డినేటర్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం. వాళ్ళ ఐడియా ఏంటంటే మనుషులు ఆఫీసులో మాట్లాడేదంతా అడగటం, ఒప్పుకోవటం, మాటివ్వటం, కాదనటం, ఇంతే కదా, కాబట్టి ప్రతి మెయిల్‌కీ ఇది అభ్యర్థనా, హామీనా అని ముందే ముద్ర వేసి పంపాలి. కాగితం మీద అద్భుతం. వాడినవాళ్ళలో చాలామందికి మాత్రం మెడకి తాడు కట్టినట్టు అనిపించింది, సూసీ సచ్‌మన్ అనే ఆవిడ 1994లో దీని మీద గట్టి విమర్శ రాసింది, మనుషుల మాటల్ని గళ్ళల్లో పెట్టటం అంటే వాళ్ళని అదుపులో పెట్టటమేనని.

అదే ప్రోగ్రాం గుంటూరులో పెట్టి ఉంటే? "చూద్దాంలెండి" అంటే ఏ గడిలో పెడతారు? మాట రూపం చూస్తే హామీ. అర్థం చూస్తే కాదు అని. "రేపు రండి" అంటే రేపు కాదు. "సరే సరే" అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇక ఆపు అని. అన్నవాడిలో తప్పు లేదు, విన్నవాడిలో తప్పు లేదు, ముఖం మీద కాదు అనటం మనకి చేతకాదంతే.

అందుకే నేను ఆటోనగర్ తమ్ముడిలా మొత్తం మాటకే వదిలెయ్యమనను. డబ్బు కదిలేచోట బటన్ ఉండాల్సిందే. మెనూ చెడ్డది కాదయ్యా, నీ మెనూలో మాటలు చెడ్డవి. "విక్రయ స్థితి" బదులు "కాయ పోయిందా" అని బటన్ మీద రాసి ఉంటే నొక్కేవాళ్ళేమో, ఎవరు చూశారు? జనం వాట్సాప్‌లో నొక్కరు అనేది కూడా ఒప్పుకోను, 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర మొదలుపెట్టిందే 161 సర్వీసులతో వాట్సాప్‌లో.

---

ఆటోనగర్_ఆడియో

@గవర్నర్‌పేట_పాతకోడు అన్నా నేను మొత్తం వదిలెయ్యమన్లేదు, తిరిగి చెప్పించమన్నా. బటన్ అయితే కూడా వేలు జారుద్ది కదా, మా అమ్మ ఒకసారి కరెంటు బిల్లు రెండుసార్లు కట్టింది.

---

గవర్నర్‌పేట_పాతకోడు

@ఆటోనగర్_ఆడియో అదీ నిజమే. రెండూ ఉండనీ. మాటతో చెప్పింది బటన్‌తో ఖాయం, బటన్‌తో నొక్కింది మాటతో చదివి వినిపించు.

---

ప్రత్తిపాడు_పిల్ల (గుంటూరు జిల్లా)

నాకు కోడింగ్ రాదు, మాది మిర్చి. నాలుగెకరాలు, తేజ. మా నాన్న ఇట్టాంటి బాట్‌కి ఎందుకు మెసేజ్ పెట్టడో చెప్తా, మీకేమన్నా పనికొస్తదేమో.

మీరందరూ నాన్న రేటు అడుగుతాడు అనుకుంటన్నారు. రేటు ఆయనకి తెలుసండి. పొద్దున పేపర్లో ఉంటది, ఊళ్ళో గ్రూపులో పొద్దెక్కేలోపు పది మంది పెడతారు, యార్డు నుంచి వచ్చే ఆటోవాడు కూడా చెప్తాడు. అయినా కొట్టుకి ఫోన్ చేసి "ఎట్టుందయ్యా ఈయాల" అంటాడు. అది రేటు అడగటం కాదు. లారీ ఎక్కించమంటావా, ఆగమంటావా, ఏసీలో పెట్టుకోమంటావా, పోయినేడు నీకాడ తీసుకున్న అప్పు ఈ సరుకులోనే పట్టుకుంటావా కొంచెం ఆగుతావా. ఇయ్యన్నీ ఆ ఒక్క మాటలో ఉంటయ్. ఆయన నోటితో అడగడు, అడిగితే అవతలివాడికి లోకువ అవుతాం అని.

అవతల ఆయన కూడా అట్టానే చెప్తాడు. "తొందరేం లేదులే పెద్దాయనా, ఎండలు బాగున్నయ్, ఆరబెట్టుకో" అంటాడు. అంటే ఇప్పుడే సరుకు తేమాక, రేటు పెరిగేట్టు ఉంది అని. లేకపోతే "పంపించెయ్ పంపించెయ్, రేపు యార్డుకి సెలవు" అంటాడు. ఆ గొంతులో ఉంటది.

ఇప్పుడు మీ బాట్ ఏం చేస్తది? "నేటి తేజ ధర క్వింటాకు ఇంత" అని చెప్తది. కరెక్టే చెప్తది. నాన్నకి మాత్రం మొహాన తలుపేసినట్టు ఉంటది. మా అన్నయ్య అట్టాంటిదేదో ఫోన్లో పెట్టిచ్చాడు, నాన్న ఒక్కసారి విని "వాడికి నా గొంతు తెలవదురా" అన్నాడు. మళ్ళీ ముట్టుకోలా.

(ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ అండి, పై ఊరోళ్ళ కోసం. మీ బాట్‌కి ఇది కూడా నేర్పండి, లేకపోతే గదిలో ఏసీ బాగుచేసేవాళ్ళ నంబరిస్తది.)

---

పునుగుల_బండి

@ప్రత్తిపాడు_పిల్ల అక్కా నువ్వు ఒక్కదానివే ఇక్కడ ఇంజినీర్‌వి

---

బ్రాడీపేట_కుర్రోడు

అందరికీ థాంక్స్, రెండు వారాలయింది, ఏం చేశానో చెప్తా.

ప్రత్తిపాడు అక్క పోస్టు చదివాక కోడ్ పక్కన పెట్టేసి వారం రోజులు కొట్లో గుమస్తా పక్కన స్టూలేసుకుని కూర్చున్నా. మొదటి రెండు రోజులు తుమ్ములు, కళ్ళెంట నీళ్ళు తప్ప ఏం అర్థం కాలా. మూడో రోజు నుంచి ఎవరేం అడిగారో వాళ్ళ మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకున్నా, గుమస్తా ఏం చెప్పాడో పక్కన రాసుకున్నా. పంతులమ్మ గారూ మీరు పందెం గెలిచారు, అందరితో "మన కాయ" అనే అంటాడు. తాలు (రంగు పోయిన నాసి) కాయ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం "మీ దాంట్లో కొంచెం తాలు ఎక్కువుందండి" అంటాడు 😄 మంచిదైతే మనది, తాలైతే మీది. దీన్ని ఏ మోడల్‌కి ఎట్టా నేర్పాలో నాకింకా తెలియలా.

ఇంకోటి కనపడింది. గుమస్తా ఫోన్లో ఏ అంకె విన్నా వెంటనే గట్టిగా తిరిగి చెప్తాడు. "వంద తక్కువ పద్నాలుగు, అంటే పదమూడు వేల తొమ్మిదొందలు, ఇచ్చెయ్యమంటన్నారు, అంతేనా?" అని. అవతల "ఆ" అన్నాకే కాగితం మీద పెడతాడు. ఆయన్ని ఎవరూ డిజైన్ చెయ్యలేదు, ఎన్ని దెబ్బలు తిని నేర్చుకున్నాడో. నేను దాన్నే కాపీ కొట్టా.

ఇప్పుడు బాట్ ఎట్టా ఉందంటే, స్వాగతం లేదు, దయచేసి లేదు. వాయిస్ నోటు వస్తే విని, అర్థమైంది తిరిగి చెప్పి అంతేనా అండి అంటది. అర్థం కాకపోతే అర్థం కాలేదండి, గుమస్తా గారికి చెప్పా, ఫోన్ చేస్తారు అంటది, తెలిసినట్టు నటించదు. అమ్మకం సంగతి వస్తే మూడు బటన్లు, పాతకోడు అన్న చెప్పినట్టు. అక్కడ ఒక తమాషా. వాట్సాప్‌లో బటన్ మీద 20 క్యారెక్టర్లే ఇస్తారు. "అమ్మండి", "ఆపండి" పట్టినయ్. మూడోది "బాబాయ్‌తో మాట్లాడతాను" అని పెడితే 21 అయ్యి ఎర్రర్. "మాట్లాడతా" అంటే 19, పట్టింది. పుస్తకం తెలుగు పట్టలా, నోటి తెలుగు పట్టింది. పంతులమ్మ గారికి అంకితం.

"ఎట్టుందయ్యా" వస్తే మాత్రం బాట్ చేత జవాబు చెప్పించట్లా. పొద్దున ఏడింటికల్లా మా బాబాయ్ చేత ఒక వాయిస్ నోటు చేయించి పెట్టుకుంటన్నా, ఆ పూట యార్డు ఎట్టుంది, సరుకు ఎంత దిగింది, తొందరుందా లేదా, ఆయన గొంతుతోనే, ఒక నిమిషం. అడిగినోళ్ళకి అదే పోతది. ఏఐ ఏం లేదు దాంట్లో. నేను ఆరు నెలలు కష్టపడి చేసిన దానికంటే అదే ఎక్కువ మంది వింటన్నారు, కొంచెం కడుపు మండింది గానీ సరే. అప్పు సంగతి అడిగినోళ్ళకి మాత్రం ఇది పనికిరాదు, వాళ్ళు ఫోనే చేస్తన్నారు.

నిన్న ఒక సంగతి జరిగింది, దానికే మళ్ళీ మీ దగ్గరికొచ్చా. ఆ వంద తక్కువ పద్నాలుగు పెద్దాయనే, సత్తెనపల్లి వైపు. బాట్ "పదమూడు వేల తొమ్మిదొందలకి అమ్మొద్దు, ఆపమంటున్నారు, అంతేనా అండి?" అంది. ఆయన రిప్లై వాయిస్ నోటు, "అంతేనయ్యా. అన్నం తిన్నావా?"

బాట్ అక్కడ ఆగిపోయింది. ఏం చెప్పించాలి దీనికి?

---

సత్యనారాయణపురం_పంతులమ్మ

తిన్నానని అబద్ధం చెప్పించకు నాయనా. "మీరు తిన్నారా అండీ" అని అడగమను, చాలు.

---

ప్రత్తిపాడు_పిల్ల

అడిగితే ఆయన ఏం కూర తిన్నాడో, ఆ కూర ఎవరి చేలోదో రెండు నిమిషాల నోటు పెడతాడు, రెడీగా ఉండండి.

---

బ్రాడీపేట_కుర్రోడు

పెట్టాడండి. దోసకాయ పప్పంట.